డాబా మీద మందారాలకు తెల్లదోమ: ఎన్నిసార్లు మందు కొట్టినా ఎందుకు తిరిగొస్తోంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో మీ డాబా మీద మందారం కుండీలు చాలా ఉన్నాయి, రెండు దేవగన్నేర్లు, కొన్ని పాయిన్‌సెట్టియాలు, చామంతులు, వాటి పక్కనే టమాటా, బెండ. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి కొమ్మ కదిపితే చాలు, తెల్లటి చిన్న పురుగులు గుంపుగా లేస్తున్నాయి. ఆకులు జిగురుగా తయారై నల్లబడ్డాయి. షాపులో ఇచ్చిన ఇమిడాక్లోప్రిడ్ వారం వారం కొట్టారు, తగ్గకపోతే మోతాదు పెంచారు. రెండు రోజులు తగ్గుతుంది, మళ్ళీ అంతే. మొక్కలన్నీ తీసి పారేయడమేనా అని అడిగారు.

పారేయక్కర్లేదండి. మందారం మొండి మొక్క. తెల్లదోమ దాన్ని నీరసపరుస్తుంది, పూలు తగ్గిస్తుంది, చూడ్డానికి అసహ్యంగా చేస్తుంది. అంతేగానీ బాగా వేళ్ళూనిన మొక్కని చంపడం అరుదు. మాది కడియం దగ్గర నర్సరీ. ఏడాది పొడుగునా ఏదో ఒక షెడ్డులో దీంతో తగువు ఉంటూనే ఉంటుంది. మేం చేసే పద్ధతినే మీ డాబాకి సరిపోయేలా చెబుతాను. అయితే మీరు కొట్టిన మందు ఎందుకు పని చేయలేదో ముందు తెలియాలి. అది తెలిస్తే మిగతాదంతా తేలిక.

రేపు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, పురుగులు ఇంకా మందకొడిగా ఉండగానే ఒక మందారం కొమ్మ నుంచి మూడు ఆకులు కోయండి. చివరన ఉన్న లేతది ఒకటి, మధ్యలోది ఒకటి, కింద ముదురుది ఒకటి. తిరగేసి భూతద్దంతో చూడండి, లేకపోతే ఫోన్ కెమెరా బాగా దగ్గరికి పెట్టి ఫోటో తీసి పెద్దది చేసుకోండి. లేత ఆకు అడుగున రెక్కల పురుగులతో పాటు, కోలగా ఉండి ఆకుకి నిలువుగా గుచ్చుకున్న సన్నటి గుడ్లు కనిపిస్తాయి. మధ్య ఆకు మీద పలచగా, పసుపు కలిసిన లేతాకుపచ్చ రంగులో, ఆకుకి అతుక్కుపోయిన చిన్న చిన్న పొలుసులు ఉంటాయి. అవి మచ్చలు కావు, పిల్ల పురుగులు. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో కొంచెం దూరం పాకి, నచ్చిన చోట మూతి గుచ్చుకుని కూర్చుంటాయి. ఇక రెక్కలొచ్చేదాకా కదలవు. ముదురు ఆకు అడుగున అవే పొలుసులు ఉబ్బి ఉంటాయి, కొన్నింట్లో రెండు ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి లోపల తయారైన పురుగు కళ్ళు. ఒకట్రెండు రోజుల్లో అది బయటికి వచ్చేస్తుందన్నమాట.

ఇప్పుడు లెక్క వేసుకోండి. మీకు ఎగురుతూ కనిపించేవి మొత్తం సంతతిలో చిన్న భాగం. మిగతావన్నీ గుడ్లుగా, పొలుసులుగా, ప్యూపాలుగా (రెక్కలు రాబోయే ముందు ఉబ్బిన ఆ పొలుసులే) ఆకు అడుగున ఉన్నాయి. మీరు పైనుంచి మందు కొడితే ఎగిరేవి కొన్ని చస్తాయి. గుడ్లకీ ప్యూపాలకీ మామూలు మందులు పెద్దగా ఏం చేయవు. మర్నాటి నుంచే ఎర్ర కళ్ళవి ఒక్కొక్కటీ బయటికి వస్తాయి. అంటే మీరు తిరిగొచ్చాయనుకున్నవి ఎక్కడి నుంచో రాలేదు, అదే మొక్క మీద ఉన్నవే. మన ఎండల్లో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా సుమారు మూడు వారాలు పడుతుంది, చలికాలంలో నెల దాటుతుంది. ఒక్కో ఆడపురుగు వందకి పైగా గుడ్లు పెట్టగలదు. అందుకే ఒకసారి గట్టిగా కొట్టి ఊరుకుంటే సరిపోదు. తక్కువ ఘాటు మందైనా సరే, ఆకు అడుగున తగిలేలా, ఆ మూడు నాలుగు వారాలూ వదలకుండా కొట్టాలి. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక ఇమిడాక్లోప్రిడ్ సంగతి. అది చెడ్డ మందని కాదు. ఏళ్ల తరబడి అందరూ అదే కొట్టడం వల్ల చాలాచోట్ల తెల్లదోమకి అది అలవాటైపోయింది. మోతాదు రెట్టింపు చేస్తే తట్టుకోలేనివి చచ్చి, తట్టుకునేవి మిగులుతాయి. తర్వాతి తరమంతా వాటి పిల్లలే. పైగా తెల్లదోమని తినే పురుగులు కూడా ఆ మందుకి పోతాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి వేసిన పెద్దవాళ్ళని అడగండి, 1980ల మధ్యలో ఏం జరిగిందో చెబుతారు. కాయతొలిచే పురుగుకని కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పదే పదే కొట్టారు. అంతవరకూ పెద్దగా లెక్కలోకి రాని తెల్లదోమ చేలని ముంచేసింది. అంత పెద్ద ఎత్తున జరిగిందే మీ డాబా మీద చిన్నగా జరుగుతోంది. ఆ పైరిత్రాయిడ్ రకానివే అయిన సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి ఎవరైనా చేతికిస్తే తీసుకోకండి.

మీ దగ్గర ఉన్నది ఏ తెల్లదోమో కూడా చూసుకోవాలి, ఎందుకంటే రెండు రకాలు కలిసి ఉన్నాయని నా అనుమానం. మందారం, టమాటా, పాయిన్‌సెట్టియా మీద మిల్లీమీటరు మాత్రమే ఉండి, చటుక్కున లేచేది మామూలు తెల్లదోమ. పత్తి మీదా, పొగాకు మీదా ఉండేది ఇదే. దేవగన్నేరు మీద మాత్రం చాలాసార్లు వేరేది ఉంటుంది. దాదాపు రెండు మిల్లీమీటర్ల పైన ఉండి, బద్ధకంగా ఎగిరి మళ్ళీ అక్కడే వాలుతుంది. ఆకు అడుగున వేలిముద్రల్లో గీతల్లాగా తెల్లటి మైనపు వలయాలు గీసి, వాటి మధ్య గుడ్లు పెడుతుంది. తర్వాత అడుగంతా తెల్లటి నూగుతో నిండుతుంది, చూసినవాళ్ళు పిండినల్లి అనుకుంటారు. ఇది సర్పిలాకార తెల్లదోమ. ఇందులో రెండు జాతులున్నాయి. ఒకటి 1990ల్లో కేరళలో బయటపడింది. రెండోది, కొబ్బరిని పట్టి పీడించే రూగోస్ రకం, మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో కనిపించింది. ఆ తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరికీ మా కడియం నర్సరీలకీ వచ్చేసింది. కొబ్బరి, అరటి, జామ, దేవగన్నేరు, మెట్టతామర దానికి బాగా ఇష్టం. దేవగన్నేరు ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే మాత్రం కంగారుపడకండి, అది తుప్పు తెగులు, దీనికీ దానికీ సంబంధం లేదు.

ఈ తేడా ఎందుకంటే, సర్పిలాకార రకం ఒంటి మీద మైనం ఉంటుంది. ఉత్త మందు నీళ్ళు కొడితే జారిపోతాయి, సబ్బు కలపాల్సిందే. నీళ్ళ ధారకి మాత్రం బాగా లొంగుతుంది. చిన్నదాని పిల్ల పురుగులు ధారకి అంత తేలిగ్గా ఊడవు. కానీ దానివల్ల ఇంకో ప్రమాదం ఉంది, వైరస్ తెగుళ్ళని మోసేది ఆ చిన్నదే. బెండలో పల్లాకు తెగులు, టమాటాలో ఆకుముడత అలా వచ్చేవే. అందుకే ముందు మీ బెండ, టమాటా కుండీలని మందారాలకి దూరంగా, డాబా అవతలి చివరకి జరపండి. ఈనెలు పసుపు వలలా మారిన బెండ మొక్క ఉంటే పీకేయండి. దాన్ని ఏ మందూ బాగు చేయదు. మందారం ఆకులు పసుపు పచ్చగా అవుతున్నాయన్నారు కదా, ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే అది ఇనుము లాంటి ధాతులోపం, పోషకాలిస్తే తిప్పుకుంటుంది. ఈనెలే పసుపుగా మారి మధ్య భాగం ఆకుపచ్చగా ఉంటే వైరస్ అని అనుమానించాలి.

పని మొదలుపెట్టేది కత్తెరతో. మందు సీసా పక్కన పెట్టండి. మందారాల ఎత్తులో మూడో వంతు దాకా కత్తిరించి తీసేయండి, మరీ గుబురుగా ఉన్న కొమ్మలు లోపలి నుంచి తీసేయండి, నల్లబడిన కింది ఆకులు తుంచండి. ఈ ఒక్క పనితోనే సగం పైగా పురుగు డాబా దిగిపోతుంది. మందారం కత్తిరింపుకి భయపడే మొక్క కాదు, రెండు నెలల్లో మునుపటి కంటే గుబురుగా పూస్తుంది. తెల్లవారుజామునే చేయండి, అప్పుడు పురుగులు లేవవు. కోసిన కొమ్మని కోసినట్టే పాలిథీన్ సంచిలో వేసి మూతి బిగించండి, ఆ సంచిని రెండు మూడు రోజులు ఎండలో పడేసి తర్వాత చెత్తకి ఇవ్వండి. చాలామంది కొమ్మలు కొట్టి డాబా మూలన కుప్ప పోస్తారు, లేదా పచ్చివే కంపోస్టు డబ్బాలో వేస్తారు. ఆ ఆకుల మీది ప్యూపాలు ఎండేలోపు రెక్కలొచ్చి మళ్ళీ మొక్కల మీదికే చేరతాయి.

తర్వాత నీళ్ళు. పైపుకి ధార వచ్చే నాజిల్ పెట్టి, రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే ఆకుల అడుగు నుంచి పైకి కొట్టండి. కుండీ తేలికదైతే పక్కకి వంచి కొట్టొచ్చు. మొదటి రెండు వారాలు ఇది మానొద్దు. ఎండ మొదలయ్యేసరికి ఆకులు ఆరిపోవాలి, ముఖ్యంగా గులాబీలుంటే. రాత్రంతా తడిగా ఉంటే గులాబీకి నల్లమచ్చ తెగులు పట్టుకుంటుంది. దేవగన్నేరు ఆకులు పెద్దవి కాబట్టి తడిగుడ్డతో తుడిచేయడం ఇంకా సులువు. పాలు కారతాయి, చర్మానికి పడనివాళ్ళు గ్లవ్స్ వేసుకోండి.

ఇప్పుడు వేపనూనె, సబ్బు. దీని గురించి అందరూ చెబుతారు, సరిగ్గా కలిపేవాళ్ళు తక్కువ. నూనెని నేరుగా నీళ్ళలో పోస్తే పైన తేలుతుంది. పంపులో మొదట ఉత్త నీళ్ళు, చివర్లో ఉత్త నూనె వస్తాయి. ఆ చివరి నూనె పడిన మొక్క ఆకులు మాడతాయి. కాబట్టి ముందు గిన్నెలో కొంచెం గోరువెచ్చని నీళ్ళు తీసుకుని 5 మిల్లీలీటర్ల లిక్విడ్ సబ్బు కలపండి. అందులో 5 మిల్లీలీటర్ల వేపనూనె పోసి, మొత్తం తెల్లగా పాలలా అయ్యేదాకా గిలక్కొట్టండి. అప్పుడు మిగతా నీళ్ళు పోసి లీటరు చేయండి. పైన నూనె మరకలు తేలకూడదు. తేలితే సబ్బు చాలలేదని అర్థం. బట్టల సర్ఫు వాడకండి, లేత ఆకుల్ని కాలుస్తుంది. మొక్కల కోసమే అమ్మే పొటాషియం సబ్బు దొరికితే మంచిది, కుంకుడు రసం కూడా పనికొస్తుంది. నూనె గానుగలో ఆడించినది అయి ఉండాలి. దీపాలకని అమ్మే వేపనూనెలో ఇంకే నూనెలు కలిశాయో మనకి తెలియదు. కలిపింది ఆ పూటే అయిపోవాలి, మర్నాటికి దాచకండి.

కొట్టే సమయం సాయంత్రం ఐదు దాటాక. వేపలో పనిచేసే పదార్థం ఎండకి త్వరగా పాడవుతుంది, పైగా ఎండలో నూనె పడితే ఆకు మాడుతుంది. మొదటిసారి ఒక్కో రకం మొక్క మీద రెండు ఆకులకి మాత్రమే కొట్టి ఒక రోజు ఆగి చూడండి. ఫెర్న్‌లు, కోలియస్ లాంటి సున్నితమైన వాటికి పడకపోవచ్చు. విచ్చిన పూల మీద పడితే మరకలొస్తాయి, పూజకి కోసుకున్నాకే కొట్టండి. పంపు గొట్టం చివర పైకి వంగి ఉండేది తీసుకోండి, రెండు లీటర్ల చేతి పంపుల్లో నాజిల్ తిప్పుకునేవి దొరుకుతాయి. ఆకు అడుగున తడిసి, చుక్క కిందికి జారాలి. పైభాగం తడవకపోయినా నష్టం లేదు. ఒక్కో మొక్కకీ మీరనుకున్న దానికన్నా రెట్టింపు సమయం పడుతుంది, కూర్చుని చేసే పని ఇది.

ఆరు రోజులకోసారి, నాలుగుసార్లు. మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికొస్తారు. నిజానికి చాలామంది రెండోసారి తర్వాత ఆపేస్తారు, ఎందుకంటే అప్పటికి ఎగిరేవి బాగా తగ్గి, పని అయిపోయిందనిపిస్తుంది. మొదటిసారి గుడ్లుగా ఉండి తప్పించుకున్నవి సరిగ్గా ఆ తర్వాతే పెద్దవవుతాయి. ఇంకో మాట, వేప వెంటనే చంపేది కాదు. పిల్ల పురుగు పై చర్మం విడిచి పెరగకుండా అడ్డుపడుతుంది. తగిలినంత మేరకు అప్పటికప్పుడు చంపేది అందులోని సబ్బూ నూనే. పది రోజులు గడిస్తే గానీ వేప ఫలితం తెలియదు, మర్నాడే కొమ్మ కదిపి చూసి నిరాశపడకండి.

పుల్ల మజ్జిగ, ఇంగువ నీళ్ళు, వెల్లుల్లి పచ్చిమిర్చి కషాయం గురించి కూడా అడిగారు. మిద్దె తోటల వాళ్ళు చాలామంది వాడతారు. వాటివల్ల హాని లేదు, కానీ ఇంత ముదిరిన తెల్లదోమ మీద నేను వాటిని నమ్ముకోను. అవి కొడుతూ మూడు వారాలు గడిపేస్తే అంతలో ఇంకో తరం పుట్టేస్తుంది.

పసుపు జిగురు అట్టలు పెట్టండి. పసుపు రంగుకి తెల్లదోమ వచ్చి వాలుతుంది. కొననక్కర్లేదు, పసుపు ప్లాస్టిక్ షీటు ముక్కలకి ఆముదమో గ్రీజో రాసి కొమ్మల ఎత్తులో కట్టండి, దుమ్ము పట్టాక తుడిచి మళ్ళీ రాయండి. అయితే వాటితోనే పురుగు పోతుందని అనుకోవద్దు. అట్టకి చిక్కేవి రెక్కలవి మాత్రమే. దాని అసలు ఉపయోగం లెక్క తెలియడం. ఈ వారం ఎన్ని పడ్డాయి, వచ్చే వారం ఎన్ని పడ్డాయి చూస్తే మీ పని ఫలిస్తోందో లేదో తెలుస్తుంది. ఉధృతి తగ్గాక తీసేయండి, లేకపోతే మేలు చేసే పురుగులూ దానికే అతుక్కుంటాయి.

చీమలు కుండీలకి బారులు తీరుతున్నాయన్నారు. తెల్లదోమ రసం పీల్చి వదిలే తియ్యటి జిగురు కోసం వస్తాయవి. ఆ జిగురు కోసం తెల్లదోమకి కాపలా కూడా కాస్తాయి, దాన్ని తినడానికి వచ్చే పురుగుల్ని తరిమేస్తాయి. కుండీ స్టాండు కాళ్ళని నీళ్ళ పళ్ళేల్లో పెట్టినా, కాళ్ళ చుట్టూ గ్రీజు రాసినా చాలు. కుండీ అంచు గోడకి ఆనకుండా చూసుకోండి, ఒక్క ఆకు గోడకి తగిలినా అదే వాటి వంతెన.

నల్లటి మసి తెగులు గురించి వేరే బూజు మందు వెతకక్కర్లేదు. ఆ జిగురు మీద పెరిగే బూజు అది, ఆకు లోపలికి దిగదు. జిగురు ఆగితే అదీ ఆగుతుంది. ఉన్న మసి పోవాలంటే పలచటి గంజి కొట్టండి, నూటికి ఒక వంతు పిండి ఉండేలా. కొబ్బరికి శాస్త్రవేత్తలు చెప్పిన ఉపాయమే ఇది. గంజి ఆరి పెళుసై ఊడేటప్పుడు మసిని కూడా పట్టుకుని రాలుతుంది. మర్నాడు నీళ్ళతో కడిగేస్తే ఆకు మళ్ళీ మెరుస్తుంది. ఉప్పు వేసిన గంజి మాత్రం వద్దు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. కింది ముదురు ఆకుల్ని కోసేసే ముందు భూతద్దంతో ఇంకోసారి చూడమంటాను. ఖాళీ పెంకుల మీద ఇంగ్లీషు టి అక్షరంలా చీలిక ఉంటే అందులోంచి తెల్లదోమే బయటికి వచ్చింది. చక్కగా గుండ్రటి చిల్లు ఉంటే మాత్రం అందులోంచి వచ్చింది ఎన్‌కార్సియా లాంటి కందిరీగ జాతి పురుగు. కంటికి ఆననంత చిన్నది, మనల్ని కుట్టదు. తెల్లదోమ పిల్లలో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల ఆ తెల్లదోమని లోపలి నుంచి తినేసి చిల్లు చేసుకుని బయటికొస్తుంది. గోధుమ రంగుకో నలుపుకో తిరిగిన ప్యూపాలు ఉన్నా అదే గుర్తు. అలాంటి ఆకులు కనిపిస్తే సంచిలో వేసి బిగించకండి, తెల్లదోమ ఎక్కువగా ఉన్న వేరే కుండీ మొదట్లో పెట్టండి. రూగోస్ తెల్లదోమ వచ్చిన కొత్తలో కొబ్బరి రైతులు ఎంత హడలిపోయారో చూశాం. చాలా తోటల్లో దాన్ని తగ్గించింది ఎన్‌కార్సియానే, అదీ ఎవరూ పెంచి వదలకుండా దానంతటదే వచ్చి. రసాయన మందులు కొట్టిన తోటల్లో అది నిలదొక్కుకోలేదు.

ఆకు అడుగున సన్నటి దారం చివర తెల్లటి చుక్కలా గుడ్లు నిలబడి ఉంటే అవి అల్లిక రెక్కల పురుగువి. దాని పిల్లల్లో కొన్ని రకాలు తిన్న పురుగుల చర్మాలూ మైనం ముక్కలూ వీపు మీద వేసుకుని తిరుగుతాయి. చిన్న చెత్త కుప్ప నడుస్తున్నట్టే ఉంటుంది. దాన్ని చూసి కొత్త పురుగొచ్చిందని నలిపేస్తుంటారు, వదిలేయండి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో కొబ్బరి కోసం అలాంటి రకాన్నే పెంచి రైతులకి ఇస్తున్నారు. అక్షింతల పురుగులూ, సాలీళ్ళూ కూడా మన వైపే.

ఆ కేంద్రమే ఐసేరియా ఫ్యూమోసోరోజియా అనే శిలీంద్రాన్ని కూడా ఇస్తుంది. తెల్లదోమకి రోగం తెప్పించి చంపే బూజు ఇది. బయోకంట్రోల్ మందులు అమ్మే చోట ఇది గానీ, ఇలాంటిదే ఇంకో బూజు వర్టిసీలియం లెకాని గానీ దొరుకుతుంది. లీటరుకి 5 గ్రాములు, కొంచెం సబ్బుతో, సాయంత్రం. గాలిలో తేమ ఉంటేనే పనిచేస్తుంది, కాబట్టి హైదరాబాద్ ఏప్రిల్ ఎండల్లో డబ్బు దండగ. వానలు మొదలయ్యాక వాడుకోండి. దీన్ని కొట్టిన వారంలో మసి తెగులుకని బూజు మందు కొట్టేవాళ్ళున్నారు. బూజు మందు ఈ బూజునీ చంపుతుంది కదా!

ఇంత చేసినా లొంగకపోతే రసాయనం గురించి ఆలోచించండి, అది కూడా నాలుగు వారాల తర్వాత. పిల్ల పురుగుల మీద పనిచేసేది ఎంచుకోవాలి. స్పైరోమెసిఫెన్ లీటరుకి 1 మిల్లీలీటరు గానీ, పైరిప్రాక్సిఫెన్ సీసా మీద రాసిన మోతాదులో గానీ. ఒకసారి కొట్టింది వెంటనే మళ్ళీ కొట్టకుండా రెండోసారికి మార్చండి. ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం లేని మందులు. సిరంజితో కొలవండి, మూతతో ఉజ్జాయింపుగా పోయొద్దు. గ్లవ్స్, మాస్కు పెట్టుకోండి, గాలి మీ వైపు వీచేటప్పుడు కొట్టొద్దు, కింది అంతస్తులో ఆరేసిన బట్టలుంటే చెప్పి తీయించండి. కూరగాయల కుండీల మీద ఇవి పడనివ్వకండి.

ఇంకో విషయం, మీరు ఇంతకుముందు ఇమిడాక్లోప్రిడ్ కొట్టిన మందారాల ఆకులు కొన్ని నెలల పాటు తలకి రుద్దుకోవడానికీ, పువ్వులు నూనె కాచడానికీ వాడకండి. అది మొక్క లోపలికి పాకే మందు, కడిగితే పోదు. పువ్వుల తేనెలోకి కూడా చేరుతుంది. మందారాలకి తేనెపిట్టలూ తేనెటీగలూ వస్తూనే ఉంటాయి కాబట్టి, పూసే మొక్క మొదట్లో ఆ మందు పోయడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు.

ఎరువుల గురించి ఒక్క మాట. నీరసపడ్డాయని యూరియా, డీఏపీ వేసి ఉంటే ఆపండి. నత్రజని ఎక్కువైతే మెత్తటి లేత ఆకులు గుత్తులుగా వస్తాయి, తెల్లదోమ గుడ్లు పెట్టేది వాటి మీదే. కత్తిరించాక నెల రోజులు కొంచెం వర్మీకంపోస్టు, సరిపడా నీళ్ళు చాలు. మట్టి ఎండిపోయి వాడిన మొక్కకి కూడా పురుగు ఎక్కువే పడుతుంది, కాబట్టి ఎండాకాలం రెండు పూటలా చూడండి. కుండీలకి మధ్య జానెడు ఖాళీ వదలండి, గాలి ఆడటానికీ, మీ పంపు ఆకు అడుగుకి చేరడానికీ.

కొత్త మొక్క తెచ్చినప్పుడు నేరుగా మిగతా వాటి మధ్య పెట్టకండి. మా కడియం నుంచే వచ్చినా సరే, నర్సరీ మొక్క కదా, లారీలో వందల మొక్కలతో కలిసి వస్తుంది. రెండు మూడు వారాలు విడిగా ఉంచి, ఆకు అడుగు చూసి, ఒకసారి సబ్బు నీళ్ళతో కడిగి అప్పుడు కలపండి. నర్సరీలో కొనేటప్పుడు కూడా పూలు చూసి మురిసిపోకుండా కింది ఆకు తిప్పి చూడండి. ఏమీ అనుకోం.

పక్కింటి కొబ్బరి చెట్టుకి కూడా తెల్లగా ఉందని రాశారు. రూగోస్ రకమే అయ్యుంటుంది. దాన్ని మీరేం చేయలేరు, చేయక్కర్లేదు కూడా. జోరు వానలు పడితే అదే బాగా తగ్గుతుంది. అప్పటిదాకా మీ దేవగన్నేర్లని వారానికోసారి తుడవండి, దాని మీద వాలినవి స్థిరపడకుండా. ఒక్క పురుగు కూడా కనపడకూడదని పట్టుబడితే మళ్ళీ మందు సీసా దగ్గరికే వెళ్తారు. ఆకుకి నాలుగైదు ఉన్నా మందారం హాయిగా పూస్తుంది.

పాయిన్‌సెట్టియాల విషయంలో మాత్రం అంత జాలి చూపించను. తెల్లదోమకి అది మహా ఇష్టమైన మొక్క. నాలుగుసార్లు కొట్టాక కూడా వాటి మీద అలాగే ఉంటే, ఒకటి రెండు మంచివి ఉంచుకుని మోకాలి ఎత్తుకి కత్తిరించి, మిగతావి సంచిలో కట్టి పంపేయండి. నాలుగో స్ప్రే అయిన వారానికి కొత్త ఆకుల అడుగు ఎలా ఉందో ఫోటో తీసి చూపించండి, పైభాగం ఫోటో వద్దు. అందులో పొలుసులు ఉన్నాయా, వాటికి చిల్లులున్నాయా చూసి తర్వాత ఏం చేయాలో చెబుతాను.